ఉప్పు ఆఖరున

ఆకు నీళ్లలో మునగదు.

అరచేత్తో అదిమితే మునిగినట్టే ఉంటుంది. చెయ్యి తీయగానే పైకి వస్తుంది. మళ్లీ అదుముతాను. మళ్లీ వస్తుంది. బేసిన్‌లో ఐసుముక్కలు కరుగుతుంటాయి. వేళ్లు మొద్దుబారుతుంటాయి. ఆకుల మడతల్లో దాక్కున్న సన్నటి ఇసుక మెల్లగా అడుక్కి దిగుతుంటుంది.

ఉదయం తొమ్మిదిన్నర. క్యాంటీన్‌లోకి ఇంకా ఎవరూ రాలేదు. పొడుగాటి బల్లల మీద కుర్చీలు బోర్లా పడుకుని ఉన్నాయి. నేను, నా ఆకులు, నా బేసిన్...

ఇంకా, గోడకవతల నీళ్ల చప్పుడు.

ఆ చప్పుడు మా అత్తయ్యది.

ఆ మాట ఇక్కడ ఎవరికీ తెలియదు. తెలియకూడదు కూడా.

*

ఎనిమిది అంతస్తుల ఆఫీసుకి కింద అంతస్తులో ఉంటుంది మా క్యాంటీన్. వేడివేడి వంటలన్నీ వంటమాస్టరువి. చల్లటివన్నీ నావి. కోసిన పళ్లు, పెరుగు గిన్నెలు, సలాడ్ — నా కౌంటర్. తెల్ల టోపీ పెట్టుకుంటాను. టోపీ పెట్టుకున్న మొదటిరోజు అద్దంలో చూసుకుని నేనే నాకు నమస్కారం పెట్టాలనుకున్నాను. అంత మురిసిపోయాను.

నా కౌంటర్ వెనక గోడకి ఒక కిటికీ ఉంది. తలుపుల్లేని కిటికీ, మూరెడు వెడల్పు. తిన్న పళ్లేలు అందులోంచి అటు వెళతాయి. కడిగిన పళ్లేలు ఇటు వస్తాయి. నా ఎత్తుకి అందులోంచి మనిషి కనిపించదు, చేతులే కనిపిస్తాయి. మోచేతుల దాకా తడిసిన రెండు చేతులు. నానినాని తెల్లబడిన వేళ్లు.

ఆ చేతుల్ని నేను ఎక్కడైనా గుర్తుపడతాను.

ఈ క్యాంటీన్‌లో ఒక నియమం ఉంది. ఒకే ఇంటి నుంచి ఇద్దరికి పని ఇవ్వరు. ఎప్పుడో ఒక బావా బావమరుదులు కలిసి పాలపొడి డబ్బాలు మాయం చేశారట. వాళ్లు దర్జాగా వెళ్లిపోయారు, నియమం మాత్రం మాకు మిగిలింది.

అత్తయ్య ముందు చేరింది. ఆరు నెలల తరవాత చల్లటి కౌంటర్‌కి మనిషి కావాలని తెలిసి, ఇంటికొచ్చి చెప్పులైనా విప్పకుండా చెప్పింది.

"రేపే వెళ్లి అడుగు. మా చెల్లెలి ఇంటి అడ్రసు రాయి. అక్కడ మాత్రం నేను నీకేమీ కాను, సరేనా? అత్తయ్యా అని నోరు జారావో, ఇద్దరం ఇంట్లో కూర్చుని గోళ్లు గిల్లుకోవాలి."

అప్పటినుంచి ఒకే బస్సు ఎక్కుతాం. ఆవిడ ముందు సీట్లో, నేను వెనక. ఆవిడ ఒక స్టాపు ముందే దిగి నడిచి వస్తుంది. మోకాళ్ల నొప్పుల మనిషి. నేను దిగి నడుస్తానంటే ఒప్పుకోలేదు. "నువ్వు నలుగురికీ కనిపించే చోట నిలబడతావు. చెమటలు కక్కుకుంటూ వెళ్లకూడదు. నన్నెవరు చూస్తారే!" అంది.

అందరూ ఆవిడని పెద్దమ్మా అంటారు. నేనూ అలాగే అంటాను. ఒకరోజు ఇంట్లో పరాకున "పెద్దమ్మా, కాఫీ తాగుతారా?" అన్నాను. ఆవిడ నవ్వు ఆపుకోలేక స్టూలు వెతుక్కుని కూర్చుంది. "డ్యూటీ అయిపోయిందే పిల్లా!" అని, కళ్లు తుడుచుకుని, మళ్లీ నవ్వింది.

అలా నవ్వేది.

*

మా అత్తయ్య ముప్ఫై ఏళ్లు ఒక పెద్దింట్లో వంట చేసింది. ఆ సంగతి కూడా ఇక్కడ ఎవరికీ తెలియదు.

ఐదేళ్ల కిందట జ్వరం వచ్చింది. పదిరోజులు. జ్వరం పోయింది. పోతూపోతూ ఆవిడ వాసననీ రుచినీ తనతో తీసుకుపోయింది. కాఫీ వేడినీళ్లలా ఉందంది. మామిడిపండు తడిబట్టలా ఉందంది. డాక్టరు తిరిగి వస్తుందన్నాడు. ఎదురుచూసింది. రాలేదు.

అప్పట్లో ఎవరితోనూ చెప్పలేదు. చేతి అలవాటుతో వండుకుంటూ పోయింది. చేతికి అన్నీ తెలుసు కదా అనుకుంది.

ఆ ఇంటి పెద్దాయన అరవయ్యో పుట్టినరోజు. యాభైమంది విందు. పళ్లముక్కల మీద పొయ్యడానికి చిలికిన మీగడ. పంచదార డబ్బా, ఉప్పు డబ్బా — రెండూ గాజువే, రెండూ ఒకే ఎత్తు. ఎవరో అలమార తుడిచి వాటిని అటూ ఇటూ మార్చి పెట్టారు. మామూలుగా అయితే వేలితో నాలుక మీద రాసుకుంటే తేలిపోయేది.

రాసుకుంది. తేలలేదు.

యాభైమంది ఒక్కసారి ఉమ్మారట. ఆ తరవాత... నవ్వారట. వంటింటి తలుపు వెనక నిలబడి విందట ఆ నవ్వు.

ఇదంతా నాకు ఒక మధ్యాహ్నం బఠాణీలు ఒలుస్తూ చెప్పింది. ఒక్కదానికే చెప్పింది. కన్నకొడుకు, మావారికి కూడా చెప్పలేదు. "వాడికి తెలియనివ్వకు. వాడి దగ్గర నేను ఇంకా వంటమనిషినే" అంది. కాసేపు ఒలిచాక, గిన్నెలోకి చూస్తూ, "తిట్టి ఉంటే బాగుండునే. తిట్టలేదు. నవ్వారు" అంది.

మర్నాడు ఆ ఇంటికి కొత్త వంటమనిషి వచ్చింది. మా అత్తయ్య ఈ క్యాంటీన్‌లో పళ్లేలు కడిగే పనికి వచ్చింది.

కానీ ఇంట్లో ఆవిడే వండేది. వండి, పొయ్యి దగ్గర నుంచే కేకేసేది — "అమ్మాయ్, రుచి!"

వెళ్లేదాన్ని. గరిటె కొసతో నా అరచేతిలో ఒక చుక్క వేసేది. నాకేదాన్ని. ఆవిడ నా ముఖంలోకే చూసేది, పరీక్ష పేపరు ఇచ్చేసిన పిల్లలా.

"చిటికెడు" అనేదాన్ని. లేదంటే, "చాలు".

రోజుకి రెండుసార్లు. నాలుగేళ్లు. ఒక మనిషి తన బలహీనత అంతా తెచ్చి నా అరచేతిలో పోసేది. నాకప్పుడు దాని విలువ తెలియలేదు. తెలియలేదనడం కూడా సాకే. తెలుసు.

*

ఈ సలాడ్ నాకు నేర్పింది ఆవిడే.

మా ఇంట్లో లెట్యూస్ ఎక్కడిది? ఒక సెలవురోజు క్యాబేజీ రెబ్బలతో నేర్పింది. అక్రోట్లకి బదులు వేరుశనగలు. చీజ్‌కి బదులు, నవ్వకండి, సబ్బుముక్క పెట్టి విరవడం నేర్పింది. "ఆకు ఏదైనా దానికి చెయ్యాల్సిన మర్యాద ఒకటే" అంది.

నాలుక లేని మనిషి నేర్పిన వంట అది. అందుకే అందులో అంతా చెవీ, చెయ్యీ.

ఆకుల్ని ఐసునీళ్లలో పదినిమిషాలు వదిలెయ్యి. తరవాత పొడిబట్టలో మూటకట్టి, గుమ్మం బయటికి వెళ్లి, చెయ్యి బారుగా చాచి గిరగిరా తిప్పు. చుక్కలన్నీ ఎగిరిపోవాలి. తడి ఆకుకి ఏదీ అంటదు.

అక్రోట్లు నూనె లేకుండా వేయించు. చూడకు, విను. మొదట మెత్తగా దొర్లుతాయి. తరవాత గలగలమంటాయి. గలగలమన్నాక ఇరవై లెక్కపెట్టి దించు.

యాపిల్ తొక్కతోనే కొయ్యి. కాగితమంత పల్చగా వద్దు, కొరికితే తెలియాలి. వెంటనే నిమ్మరసం పట్టించు, లేకపోతే ముఖం నల్లబెట్టుకుంటుంది.

చీజ్‌కి కత్తి పెట్టకు. వేళ్లతో విరువు. ఒకటి పెద్దది, ఒకటి చిన్నది. అన్నీ సమానంగా ఉంటే తినేవాడికి రెండో ముద్దకే విసుగొస్తుంది.

దానిమ్మగింజలు గుప్పెడు. సీసాలో నూనె, తేనె, నిమ్మరసం, మిరియాలపొడి పోసి మూత బిగించి ఊపు — చెయ్యి నొప్పెట్టేదాకా.

ఉప్పు...

"ఉప్పు ఆఖరున. మనుషులు వచ్చి కుర్చీల్లో కూర్చున్నాక. ఉప్పు పడిన క్షణం నుంచి ఆకు ఏడుపు మొదలుపెడుతుంది. ఐదు నిమిషాలు దాటితే ఇక దాన్ని ఎవరూ ఓదార్చలేరు" అంది అత్తయ్య.

తరవాత రెండు చేతులూ పెట్టి, కింద నుంచి పైకి, పసిపిల్ల తల రుద్దినంత మెత్తగా కలపాలి.

అంతే. పావుగంట పని.

*

నెల కిందట ఒకరోజు గ్యాసు పైపు పాడైంది.

పై అంతస్తులో పన్నెండుమంది అతిథులు. వంటమాస్టరు పొయ్యిల ముందు చేతులు నలుపుకుంటూ నిలబడ్డాడు. మేనేజరు పరిగెత్తుకొచ్చాడు. "చల్లటిదేదో ఒకటి చెయ్యమ్మా, పావుగంటలో పైకి వెళ్లాలి!"

నా చేతులు ఆడలేదు. ఏది ముందో ఏది వెనకో అంతా మరిచిపోయాను. ఆకుల ముందు నిలబడి దిక్కులు చూశాను.

టింగ్.

కిటికీ అవతల చెంచాతో పళ్లెం అంచు మీద ఒక్క దెబ్బ.

అది మా ఇద్దరి భాష. మాట్లాడుకోకూడదు కదా. ఒక దెబ్బ అంటే — ఆగు, ఊపిరి తీసుకో. రెండు దెబ్బలంటే — చాలు, దించు.

ఊపిరి తీసుకున్నాను. ఆకులు నీళ్లలో వేశాను. కరెంటు పొయ్యి మీద అక్రోట్లు పెట్టాను. గలగలా... గలగలా... నేను లెక్క తప్పాను. ఆవిడ తప్పలేదు. అవతల పళ్లేలు తోముతూనే, ఈ చప్పుడు వింటూనే ఉంది.

టింగ్ టింగ్.

దించాను. ఒక్కటి కూడా మాడలేదు.

పావుగంట కాకముందే గాజుగిన్నె పైకి వెళ్లింది. ఆకుపచ్చ, ఎరుపు, తెలుపు. వంటమాస్టరు సగం అసూయగా చూశాడు. కిటికీలో రెండు తడిచేతులు ఒక క్షణం ఒకదాన్నొకటి పట్టుకున్నాయి.

చప్పట్లు కొట్టకూడదు కదా. అందుకని అలా.

*

గంట తరవాత పై అంతస్తు మేడమ్ స్వయంగా కిందికి వచ్చింది. ఖాళీ గిన్నె ఆవిడ చేతిలోనే ఉంది.

"ఎవరమ్మా చేసింది?"

అందరూ నా వైపు చూశారు. మేనేజరు, వంటమాస్టరు, బల్లలు తుడిచేవాళ్లు, భోజనానికి వచ్చిన ముప్ఫైమంది. అంతమంది ఒక్కసారి నా వైపు చూడడం నా పెళ్లి తరవాత మళ్లీ అదే.

"ఎవరు నేర్పారు నీకు? అమ్మగారా, అత్తగారా?"

'మా అత్తయ్యేనండీ' అనొచ్చు.

అనొచ్చు! అందులో ఏ నియమమూ తప్పలేదు. లోకంలో ఎన్ని లక్షలమంది అత్తయ్యలు లేరు! ఏ అత్తయ్య, ఎక్కడుంటుంది అని ఎవరు అడుగుతారు? చాలారోజులు నాకు నేనే సర్దిచెప్పుకున్నాను, ఉద్యోగం పోతుందన్న భయంతోనే అలా అన్నానని. కాదు. భయం కాదు. మెప్పు పంచుకోవడం ఇష్టం లేకపోయింది. పైగా, అందరూ చూస్తున్నారు. ఇంకాస్త చూడాలనిపించింది. అత్తగారి మీద జోకు వేస్తే ఎక్కడైనా నవ్వుతారు. నాలుక కొసన సిద్ధంగా ఉంది.

"మా అత్తయ్యా! భలేవారండీ! ఆవిడకి ఉప్పుకీ పంచదారకీ తేడా తెలియదు. ఒకసారి పుట్టినరోజు విందులో మీగడ నిండా ఉప్పు కలిపేసి, యాభైమంది చేత ఒక్కసారి ఉమ్మించింది!"

నవ్వారు.

ఎంత నవ్వారు! మేడమ్ గిన్నె బల్లమీద పెట్టి మరీ నవ్వింది. వంటమాస్టరు పొట్ట పట్టుకున్నాడు. నేనూ నవ్వాను. నేనే ముందు నవ్వానేమో కూడా.

గోడకవతల నీళ్ల చప్పుడు ఆగింది.

ఒకటి... రెండు... మూడు...

మళ్లీ మొదలైంది.

నేను కిటికీ వైపు తిరగలేదు. తిరిగితే చేతులు కనిపిస్తాయి.

*

ఆ సాయంత్రం బస్సులో ఆవిడ తల వెనకభాగం చూస్తూ కూర్చున్నాను. నెరిసిన ముడి. మెడ మీద చెమట. ఇంటికెళ్లాక తిడుతుంది అనుకున్నాను. తిట్టాలి అనుకున్నాను. తిడితే కాళ్లు పట్టుకుందామని సిద్ధపడ్డాను.

ఆవిడ చెప్పులు విప్పి, కాళ్లు కడుక్కుని, తువ్వాలుతో తుడుచుకుంటూ అడిగింది.

"యాపిల్స్ గట్టిగానే ఉన్నాయా? ఆ రకం తొందరగా పిండిపిండిగా అయిపోతుంది. చూసి తీసుకో."

అంతే. ఇంకేమీ లేదు.

వంటింట్లోకి వెళ్లింది. పొయ్యి వెలిగించిన చప్పుడు వినిపించింది. గరిటె చప్పుడు. మూత చప్పుడు. నేను గుమ్మం దగ్గరే నిలబడ్డాను, పిలుస్తుందని. అమ్మాయ్, రుచి...

పిలవలేదు.

భోజనాలకి కూర్చున్నాం. బల్ల మధ్యలో ఒక చిన్న గిన్నె పెట్టింది. అందులో ఉప్పు.

"ఇవాళ్టి నుంచి వంటలో ఉప్పు వెయ్యను. ఎవరికి కావలసినంత వాళ్లు కలుపుకోండి" అంది.

"ఏంటమ్మా ఈ కొత్త పద్ధతి?" అన్నారు మావారు.

"ఆరోగ్యం రా" అంది.

ఆయన కలుపుకుని తిన్నారు. నేను కలుపుకోలేదు. ఏ ముఖం పెట్టుకుని ఆ గిన్నెలో చెయ్యి పెట్టను? చప్పిడి తిన్నాను. ఆవిడా చప్పిడే తింది. ఆవిడకి తేడా లేదు.

అరచెయ్యి చూసుకున్నాను. నాలుగేళ్లుగా రోజూ చుక్క పడిన చోటు. పొడిగా ఉంది.

సిగ్గు వేడిగా ఉంటుందంటారు. నాకు మాత్రం చల్లగా తెలిసింది, ఐసునీళ్లలో చెయ్యి పెట్టినట్టే. మొదట కోస్తుంది. తరవాత మొద్దుబారుతుంది. చెయ్యి తీసి కాసేపు ఆగితే అప్పుడు మొదలవుతుంది అసలు నొప్పి.

*

నా జోకు క్యాంటీన్‌లో కాపురం పెట్టింది.

రోజూ వంటమాస్టరు అడిగేవాడు. "ఏమ్మా, మీ అత్తగారు ఉప్పు కనిపెట్టారా?" మర్నాడు ఇంకొకరు. "మీ అత్తగారికి నా నమస్కారాలు, ఉప్పుతో!" బల్లలు తుడిచే అమ్మాయిలు నోటికి కొంగు అడ్డం పెట్టుకునేవాళ్లు. నేను చిన్నగా నవ్వి తల దించుకునేదాన్ని. తల దించుకోవడం వినయమనుకునేవాళ్లు.

ఒకరోజు వంటమాస్టరు కిటికీలోకి తల పెట్టి మరీ అడిగాడు.

"పెద్దమ్మా, నీకు వినపడుతోందా? ఆవిడకంటే నువ్వే నయం. పళ్లేలైనా కడుగుతున్నావు!"

అవతల నుంచి నవ్వు వినిపించింది.

ఆవిడ నవ్వే. నాకు తెలిసిన నవ్వు కాదు. నీళ్లు సింకులోంచి దిగిపోయేటప్పుడు ఆఖర్న వచ్చే చప్పుడులాంటిది. నవ్వకపోతే ఎందుకు నవ్వలేదంటారు. అందుకని నవ్వింది. నా మాట కోసం, నా టోపీ కోసం, తన మీద తనే నవ్వింది.

నా చేతిలో యాపిల్ ముక్క అలాగే నల్లబడింది.

చెబుదామనుకున్నాను. ఎన్నిసార్లనుకున్నానో! ఒక సాయంత్రం బట్టలు మడతపెడుతున్న ఆవిడ ఎదురుగా కూర్చుని, గొంతు సవరించుకుని, "అత్తయ్యా, ఆ రోజు నేను..." అన్నాను.

"మేడ మీద దుప్పట్లు ఉన్నాయి, తీసుకురా. వానొచ్చేట్టుంది" అంది.

వెళ్లాను. ఆకాశంలో ఒక్క మబ్బు లేదు.

కళాయిలో అక్రోట్లు దొర్లుతున్నప్పుడు చెవులు రిక్కించేదాన్ని. టింగ్ అంటుందేమోనని. అనలేదు. ఇప్పుడు నా అంతట నేనే ఇరవై లెక్కపెట్టుకుంటున్నాను. రెండుసార్లు మాడ్చాను. మాడిన వాసన గోడ దాటి అవతలికి వెళ్లి ఉంటుంది. కానీ ఆవిడకి వాసన తెలియదు కదా.

*

ఇదంతా జరిగి నెల దాటింది.

నిన్న మేనేజరు చెప్పాడు. ఆఫీసు వాళ్లు ఒక పత్రిక వేస్తారట. అందులో నా సలాడ్ గురించి వస్తుందట. ఫొటో కూడా. "రేపు మధ్యాహ్నం కెమెరాతో వస్తారు. నీ అత్తగారి ముచ్చట మాత్రం మర్చిపోకుండా చెప్పు. అదే అసలు రుచి!" అని నవ్వాడు.

పత్రికలో. అచ్చులో. ఆవిడ ఉప్పు, ఆ పుట్టినరోజు విందు, తలుపు వెనక నిలబడి విన్న ఆ నవ్వు — అచ్చు వేసి ఎనిమిది అంతస్తులకీ పంచుతారు.

అందుకే ఇవాళ పొద్దున్నుంచీ ఆకుల్ని అదుముతూ ఒకటే మాట కూడబలుక్కున్నాను. చెప్పేస్తాను. ఉద్యోగం పోతే పోనీ. నాదే పోనీ. నేనే మానేస్తానంటాను. ఆవిడ ఉంటుంది. అంతే కదా. అంతే.

ఒంటిగంటకి వచ్చారు. కెమెరా ఆయన, రాసుకునే అమ్మాయి, వెనకాల మేడమ్. బల్లలన్నీ నిండాయి. నేను గాజుగిన్నె ముందు నిలబడ్డాను. అందరూ కూర్చున్నాక ఉప్పు జల్లాను. రెండు చేతులూ పెట్టి కలిపాను. ఫొటో తీశారు.

"ఇక చెప్పండి" అంది రాసుకునే అమ్మాయి. "మీ అత్తగారి కథ ఏదో ఉందట కదా!"

నవ్వడానికి అందరూ ముందే సిద్ధమైపోయారు.

"అది... అబద్ధమండీ."

కాదు. అబద్ధమైతే ఎంత బాగుండేది!

"అబద్ధం కాదు. నిజమే. ఆవిడకి జ్వరమొచ్చి రుచి పోయింది. నాకు నమ్మి చెప్పుకుంది. నేను నలుగురిలో పెట్టి నవ్వించాను. ఈ సలాడ్ నేర్పింది ఆవిడే. ఇందులో నాదంటూ ఏమీ లేదు, చేతులు తప్ప. ఆవిడ ఎక్కడో లేదు. ఆ కిటికీ అవతలే ఉంది. మన పెద్దమ్మే... మా అత్తయ్య."

ఎవరూ నవ్వలేదు.

మేనేజరు ముఖం ముందు తెల్లబోయింది, తరవాత ముడుచుకుంది. గిన్నెలో ఆకుల్లోంచి అప్పుడే నీరు దిగుతోంది.

"పెద్దమ్మా," అని పిలిచాడు మేనేజరు. "ఒకసారి ఇలా రా."

నీళ్లు కట్టేసిన చప్పుడు. పక్కతలుపు తెరుచుకుంది.

క్యాంటీన్‌లో ఆవిడని నిండుగా చూడడం అదే మొదటిసారి. ఛాతీ దాకా తడిసిన ఏప్రాన్. నుదుటికి అంటుకున్న తెల్లవెంట్రుకలు. ఇంత చిన్నమనిషా అనిపించింది. ఏప్రాన్ కొసతో ఒక్కొక్క వేలూ తుడుచుకుంటూ నిలబడింది. బొటనవేలు. చూపుడువేలు. తొందరేమీ లేదు ఆవిడకి.

"ఈ అమ్మాయి నీ కోడలా?"

ఆవిడ నా వైపు చూసింది.

చాలాసేపు చూసింది. వంట రుచి చూసి చెప్పాల్సింది ఇప్పుడు ఆవిడే అన్నట్టు, నేను ఆవిడ ముఖంలోకే చూస్తూ నిలబడ్డాను.

"నాకు కోడలెక్కడిది బాబూ!"

గొంతు మామూలుగానే ఉంది. ఆ మీదట నవ్వింది కూడా.

"ఈ పిల్ల ఎప్పుడూ ఇంతే. ఎవరో ఒకరిని అడ్డం పెట్టుకుని నవ్విస్తుంది. ఇవాళ నేను దొరికాను."

ఒక్క క్షణం. తరవాత వంటమాస్టరు బల్ల మీద దబీమని చరిచాడు. "అమ్మ! ఏం నటించిందండీ! నేను నిజమనుకున్నా!" అందరూ పగలబడి నవ్వారు. మేడమ్ నా భుజం తట్టింది. మేనేజరు గుండె మీద చెయ్యేసుకుని, "చంపేశావు పో" అన్నాడు. రాసుకునే అమ్మాయి గబగబా రాసుకుంది.

నేను కాదు కాదని తల అడ్డంగా ఊపాను. దానికి ఇంకా నవ్వారు.

ఆవిడ అప్పటికే తలుపు వేసుకుని వెళ్లిపోయింది. నీళ్ల చప్పుడు మొదలైంది.

*

సాయంత్రం వాన పడింది. ఈసారి నిజంగానే.

నా ఉద్యోగం కోసం అందా?

అనే ఉంటుంది. మోకాళ్ల నొప్పితో ఒక స్టాపు నడిచే మనిషి. అలాగే అని ఉంటుంది.

లేక... నిజంగానే అందా?

ఆ రెండో మాట నన్ను మునగనివ్వలేదు, తేలనివ్వలేదు. మధ్యాహ్నమంతా పళ్లు కోశాను, గిన్నెలు సర్దాను, టోపీ తీసి అలమారలో పెట్టాను. క్షమించమని అడగడానికి కూడా ఒక చుట్టరికం కావాలి కదా. ఏమని పిలిచి అడగను?

బస్సు వచ్చింది. ఆవిడ ఎప్పటిలాగే ముందు సీట్లో కిటికీ పక్కన కూర్చుంది. పక్క సీటు ఖాళీగా ఉంది. నేను వెనక్కి వెళ్లబోయి ఆగాను. వెళ్లలేకపోయాను. ఆవిడ పక్కన కూర్చున్నాను.

ఆవిడ జరగలేదు. నా వైపు తిరగలేదు. సంచీ ఒళ్లోకి తీసుకుని రెండు చేతులూ దాని మీద పెట్టుకుంది. వేళ్లు ఇంకా తెల్లగానే ఉన్నాయి. కిటికీ అద్దం మీద చుక్కలు ఒకదానిలోకి ఒకటి జారుతున్నాయి. అద్దంలో ఆవిడ ముఖం కనిపిస్తుందేమోనని చూశాను. నీళ్లే కనిపించాయి.

"అత్తయ్యా" అన్నాను.

బస్సు చప్పుడులో వినపడిందో లేదో.

కండక్టరు సీటు అంచు పట్టుకుని ఒంగి, టిక్కెట్ల కట్ట విదిలించి, మమ్మల్నిద్దర్నీ చూసి అడిగాడు.

"ఇద్దరూ కలిసే వచ్చారా?"

చెప్పే హక్కు ఇప్పుడు నాది కాదు. ఆవిడ వైపు చూశాను.

ఆవిడ వాన చూస్తోంది.

"మిమ్మల్నేనమ్మా... ఇద్దరూ ఒకటేనా, వేరేవేరేనా?"